పంటి కిరాయి

ఆ ఇల్లు అమ్ముడుపోవాలని అందరికంటే ఎక్కువ కోరుకున్నది నేనే. అందులో సిగ్గుపడాల్సిందేమీ నాకప్పుడూ కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు. నేను అంకారాలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నకి రైల్వేలో ఉద్యోగం. మా క్వార్టర్స్‌లో గోడలు ఇటుకతో కట్టినవి, నేల కదిలేది కాదు. పెళ్ళై ఇస్తాంబుల్ వచ్చి, బోస్ఫరస్ ఒడ్డున కాన్లిజాలో అత్తవారింట్లో పడుకున్న మొదటి రాత్రే తెలిసింది నాకు, మంచం కింద చెక్కలు, చెక్కల కింద నీళ్ళు, ఆ నీళ్ళలో చేపలు. పెద్ద ఓడ ఏదైనా వెళ్ళిందంటే అద్దాల బీరువాలో గ్లాసులన్నీ గలగలమనేవి. మా ఆయన నుస్రెత్ మాత్రం ఉయ్యాలలో పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు.

సగం నేలమీదా సగం నీళ్ళలో దింపిన గుంజలమీదా కట్టిన ఇలాంటి కొయ్యమేడని మా దగ్గర యాలి అంటారు. మా యాలిని మా ఆయన ముత్తాత కట్టించాడట. ఆయన సుల్తానుగారి ఓడల కర్మాగారంలో పెద్ద అధికారి, పాషా బిరుదు ఉన్నవాడు. నేను వెళ్ళేనాటికి పాషా లేడు, సుల్తానూ లేడు. ఇంటికి వేసిన ఎర్ర రంగు ఉల్లిపొట్టు రంగుకి దిగింది. గదులకి లెక్క లేదు గానీ మేము వాడేవి నాలుగే. మిగతావాటికి తాళాలు, లోపల కుర్చీల మీద తెల్ల దుప్పట్లు. అవి చూస్తే శవాలు కూర్చున్నట్టు ఉండేవి.

మామగారు పోయాక ఇంట్లో సగం మా అత్తయ్య దుర్దానె హానుమ్‌ది, సగం ఆవిడ మరిది షెఫీక్ గారిది. వేరే ఇంట్లో ఉండే ఆయన్ని నేను చిన్నమామయ్య అనేదాన్ని. ఎండాకాలమంతా మడత నలగని తెల్ల సూటులో తిరిగే మనిషి. ఆ పుచ్చిన మేడని కొనేవాడి కోసం రెండేళ్ళు వెతికి, చివరికి ఒక బొగ్గు వ్యాపారిని పట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో యాలీలని బొగ్గు పోసుకోవడానికీ పొగాకు దాచుకోవడానికీ తప్ప ఎవరూ అడిగేవారు కాదు. రంజాన్ నెల ముగిసి పండగ వచ్చిన రోజున సంతకాలు. ఆ తర్వాత ఇల్లు పడగొట్టి బొగ్గు డిపో కట్టుకుంటాడు. మాకు షిష్లీలో ఫ్లాటు. లిఫ్టు ఉంటుంది, గోడలోంచి వేడినీళ్ళు వస్తాయి. కిటికీలకి ఏ రంగు తెరలు కట్టాలో కూడా నేను అనుకుని పెట్టుకున్నాను.

అత్తయ్య గొడవేమీ చేయలేదు. ముందువైపు గుంజలు పుచ్చిపోయాయనీ, బాగు చేయించే తాహతు లేదనీ ఆవిడకి తెలుసు. పొరుగువాళ్ళ ఇంటి సంగతి విన్నట్టు విని తలూపింది. కానీ అప్పట్నుంచీ కిటికీ దగ్గర కూర్చోవడం మానేసింది. గోడవైపు తిరిగి కూర్చుని కుట్టుపని చేసుకునేది. నాతో మర్యాదగానే ఉండేది, మాట మాత్రం పొదుపు. ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

ఆ ఏడు, అంటే వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభైలో, రంజాన్ జూన్ నెలలో వచ్చింది.

మా ఆయనకి ఒక జబ్బుంది. ఇంటి గురించి ఏం చెప్పినా నిన్న సాయంత్రం చూసొచ్చినట్టు చెబుతాడు. నిశ్చితార్థమయ్యాక అంకారా వచ్చినప్పుడు, మా యాలిలో రంజాన్ ఎంత గొప్పగా జరుగుతుందో కళ్ళకి కట్టినట్టు చెప్పాడు. రేవు మెట్ల పక్కన కొక్కేనికి లాంతరు వెలుగుతుంది. ఉపవాసం విడిచే ఫిరంగి పేలే వేళకి నీళ్ళమీద ఎవరున్నా సరే, ఆ దీపం చూసి వచ్చి భోజనం చేయొచ్చు. ఎవరు నువ్వని అడగరు, పేరు కూడా అడగకూడదు. పైగా వెళ్ళేటప్పుడు చేతిలో ఒక కానుక పెడతారు. మా ఇంట్లో తిని మీ పళ్ళు అరగదీసుకున్నారు కదా, ఇది వాటికి కిరాయి అని. పంటి కిరాయి అంటారు దాన్ని. నేను మురిసిపోయాను. ఏ ఆడపిల్లయినా మురిసిపోతుంది.

కాబట్టి రంజాన్ మొదటి రోజున, కొత్త కోడలు ఇంటి పద్ధతులు ఎరిగినదని అత్తయ్య మెచ్చుకోవాలని, నేనేం చేశానంటే, రేవు దగ్గర తుప్పుపట్టి వేలాడుతున్న లాంతరు దించి బూడిదతో రుద్ది, కిరసనాయిలు పోసి, సూర్యుడు దిగుతుండగా వెలిగించి కొక్కేనికి తగిలించాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, పద్ధతే కదా అనుకున్నాను.

భోజనాల బల్ల మీద మా నలుగురికీ సరిపడా సర్దాను. నాలుగో మనిషి గుల్ఫిదాన్ కల్ఫా, అంటే ఇంటి పెద్ద పనిమనిషి. కాకసస్ కొండల్లోంచి చిన్నపిల్లగా ఆ ఇంటికి బానిసగా వచ్చి, విడుదల చేశాక కూడా ఎక్కడికీ పోకుండా ఉండిపోయిన ముసలమ్మ. చెవుడు లేదు గానీ, వినదలుచుకున్నదే వినేది. ఆలివ్‌లు, జున్ను, గులాబీరేకుల జామ్, నల్ల జీలకర్ర చల్లిన వేడి రొట్టె, చిన్న గిన్నెడు పప్పు సూపు, ఉల్లిపాయలు మగ్గబెట్టి పైన కొట్టిన గుడ్లు. అవతలి ఒడ్డున కోటమీది ఫిరంగి పేలింది. చెంచా ఎత్తబోతున్నాం, కింద రేవు మెట్లకి పడవ కొట్టుకున్న చప్పుడు.

చేతుల్లో టోపీలు పట్టుకుని నలుగురు మనుషులు పైకొచ్చారు. ముందున్నది ఇద్రిస్ కప్తాన్ అనే చేపల పడవ యజమాని, పక్కనే పడవలో భాగస్తుడు స్తెలియో అనే గ్రీకు ముసలాయన, వెనక వలలు లాగేవాళ్ళిద్దరు. దీపం చూసి వచ్చామనీ, ఈ దీపం సంగతి తాత చెబితే కట్టుకథ అనుకునేవాళ్ళమనీ ఇద్రిస్ నసుగుతూ చెప్పాడు. అత్తయ్య కిటికీలోంచి లాంతరు వైపు చూసింది, తర్వాత నావైపు చూసింది. ఆ చూపుకి నాలో సగం ప్రాణం పోయింది. అప్పుడావిడ లేచి నిలబడింది.

"దయచేయండి. సూపు చల్లారిపోతుంది" అంది.

ఉన్నది చిన్న గిన్నెడు. కల్ఫా గిన్నె పట్టుకుపోయి, నీళ్ళూ ఇంత నిమ్మకాయా కలిపి నిండు కుండతో తిరిగొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఈ పని కోసమే ఎదురుచూస్తున్నంత చురుగ్గా వచ్చింది. మేం నలుగురం రొట్టె అంచులతో కడుపు నింపుకున్నాం. వాళ్ళు లేస్తుంటే కల్ఫా అత్తయ్య చెవిలో ఏదో అంది. అత్తయ్య మేడమీదకి వెళ్ళి, అంచుల్లో పట్టు కుట్టిన పాతకాలపు చేతిరుమాళ్ళు తెచ్చి ఒక్కొక్కరికీ ఇచ్చింది. ఇద్రిస్ రెండు చేతులా అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. స్తెలియో మాత్రం వెనక్కి తగ్గాడు.

"నేను క్రైస్తవుణ్ణి అమ్మగారూ, పగలంతా తింటూనే ఉన్నాను. నాకు కిరాయి రాదేమో."

"పళ్ళున్నాయి కదా" అంది అత్తయ్య.

"ముందు రెండే ఉన్నాయి."

"వాటికే తీసుకోండి."

వాళ్ళు వెళ్ళిపోయాక నాకు విచారణ మొదలైంది. ఎవరు వెలిగించమన్నారని అత్తయ్య అడిగింది. మీ అబ్బాయి చెప్పాడన్నాను. అత్తయ్య కొడుకు వైపు తిరిగింది. "నువ్వు పుట్టేనాటికే ఆ దీపం మానేశారు. నువ్వెప్పుడు చూశావురా?" అంది. మా ఆయన జామ్ సీసా మూత వైపు చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. రేపట్నుంచి వెలిగించనని నేను లెంపలేసుకోబోతుంటే, కల్ఫా అడ్డుకుంది. మొదటి రోజు వెలిగిస్తే పండగ దాకా ఆర్పకూడదు, పాషాగారి మాట అంది. పాషాగారు పోయి డెబ్బై ఏళ్ళైందని అత్తయ్య అంది. పోయినంత మాత్రాన మాట పోతుందా అంది కల్ఫా. అత్తయ్య చివరికి, ఈ ఇంటికి ఎలాగూ ఇదే ఆఖరి రంజాన్, వెలగనీ అంది.

మర్నాడు రెండు పడవలొచ్చాయి. ఆ మర్నాడు నాలుగు. వారం తిరిగేసరికి రేవు దగ్గర పడవ కట్టడానికి చోటు లేదు. చేపలవాళ్ళు, ఇసుక పడవలవాళ్ళు, ఎదుటి ఒడ్డు నుంచి దోసకాయలు తెచ్చే తోటమాలులు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒంటినిండా ఉల్లిపాయల వాసన. మా ఆయన బ్యాంకు నుంచి వచ్చి టై విప్పడమే ఆలస్యం, బావి దగ్గర నీళ్ళు తోడేవాడు. పెట్టడానికి ఏముంటుందని నేను మొదట భయపడ్డాను గానీ, వచ్చేవాళ్ళు ఉత్త చేతుల్తో రాలేదు. మధ్యాహ్నమే వంటింటి గుమ్మంలో ఎవరో బుట్టెడు చేపలు పెట్టి మాయమయ్యేవారు. ఇంకెవరో పెరుగు కుండ. పేరు చెప్పకూడదని వాళ్ళూ పట్టుదలగా ఉండేవారు.

నాలుగు గదుల్లో పట్టక పెద్ద హాలు తాళం తీయాల్సి వచ్చింది. కుర్చీల మీది దుప్పట్లు నేనూ కల్ఫా కలిసి లాగేశాం. కింద ఇంత అందమైన నీలి పట్టు ఉందని మా ఆయనకే తెలియదు. మధ్యలో పాలరాతి ఫౌంటెన్, పైకప్పు మీద దానిమ్మపండ్ల బొమ్మలు. ఇసుక పడవలవాళ్ళు ఆ కుర్చీల అంచున, గుడ్లమీద కూర్చున్నట్టు కూర్చునేవారు.

భోజనాలయ్యాక కాఫీ తాగుతూ ఈ ఇంటి కథ చెప్పమని వాళ్ళే అడిగారు. అత్తయ్య మొదట మొహమాటపడింది. తర్వాత ఆపడం మా వల్ల కాలేదు. ఓ సాయంత్రం సుల్తాను వచ్చిన కథ చెప్పింది. సుల్తానుగారు ఈ ఇంటికి కాఫీకి వస్తున్నారని తెలిసి పాషా వారంలో ఇల్లంతా ఎర్ర రంగు వేయించాడట. సుల్తాను రేవులో దిగి, ఇంటిని చూసి, ఇలాంటి అందమైన యాలి బోస్ఫరస్‌లోనే లేదన్నారట. అంతే కథ. అందరూ మాషాల్లా అన్నారు. స్తెలియో గొంతు సవరించుకున్నాడు.

"మా ముత్తాత పాషాగారి పడవలో తెడ్డు వేసేవాడు అమ్మగారూ. మా ఇంట్లో ఇంకోలా చెబుతారు."

"ఎలా చెబుతారు?"

"రంగు ఆరలేదంటారు. సుల్తానుగారు మెట్లెక్కుతూ కమ్మీ పట్టుకున్నారట, చెయ్యంతా ఎర్రగా అయిందట. పాషాగారు అది చూసి, తల పోయిందిరా దేవుడా అని కింద పడవల కొట్లో దాక్కున్నారట. సుల్తానుగారు ఒక్కరే కాఫీ తాగి వెళ్ళిపోయారట. పాషాగారు మర్నాడు సాయంత్రం దాకా బయటికి రాకపోతే, మా ముత్తాత రొట్టె తీసుకెళ్ళి పెట్టాడట."

అత్తయ్య వెన్ను నిటారుగా అయింది. ఇద్రిస్ స్తెలియో కాలు తొక్కడం నేను చూశాను. అప్పుడు మూలనుంచి కల్ఫా, నేనొచ్చిన కొత్తల్లో పెద్ద పాషా పడవల కొట్టు దరిదాపులకి కూడా వెళ్ళేవాడు కాదు, ఎందుకో ఇప్పుడు తెలిసింది అంది. అత్తయ్య మూతి బిగించింది, బుగ్గలు వణికాయి, ఇక ఆగలేదు. చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వితే బుగ్గమీద చొట్ట పడుతుందని ఆ రోజు తెలిసింది నాకు.

ఆ తర్వాత కథలన్నీ రెండువైపుల నుంచీ వచ్చేవి. అత్తయ్య మొదలుపెట్టేది, పడవలవాళ్ళు సరిచేసేవారు. ఆడవాళ్ళ భాగం కాలిపోయిన రాత్రి, ఫ్రాన్స్ నుంచి తెప్పించిన పియానో కాలిపోకూడదని నలుగురు సేవకులు దాన్ని కిటికీలోంచి సముద్రంలోకి తోసి కాపాడారని ఆవిడ చెప్పింది. ఏ కిటికీ అని ఇద్రిస్ అడిగాడు. లేచి వెళ్ళి తొంగి చూశాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ సరిగ్గా అక్కడే వల చిరుగుతోందనీ, రాయి అనుకుని తిట్టుకుంటున్నామనీ అన్నాడు. చిరిగిన వలలన్నిటికీ పాషాగారి తరఫున అత్తయ్య క్షమాపణ చెప్పుకుంది.

రోజూ పంటి కిరాయిగా పెట్టెల్లోంచి ఏదో ఒకటి పోయేది. సాసరు లేని కప్పులు, జరీ సంచులు, ముత్యపు చిప్ప చెంచాలు. చేతికి ఏది వస్తే అది, వచ్చినవాడికి ఏది వస్తే అది, ఎంచి ఇవ్వకూడదని కల్ఫా నిబంధన. వస్తువులు పోతున్నకొద్దీ అత్తయ్య తేలికపడుతున్నట్టు ఉండేది. మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

నెల సగం దాటాక ఒక మధ్యాహ్నం చిన్నమామయ్య వచ్చాడు. ఊరంతా ఈ యాలి గురించే చెప్పుకుంటోందని ఆయన చెవిన పడింది. హాలులో వరసగా పేర్చిన పళ్ళేలు చూసి కళ్ళు తేలేశాడు. బొగ్గు వ్యాపారి బెద్రి బే సంతకాలకి ముందు ఇంటిని నీళ్ళవైపు నుంచి ఓసారి చూసుకుంటానన్నాడట, ఏ రోజు వస్తాడో తెలియదట. వచ్చి చూస్తే ఏముంది, రేవు నిండా చేపల పడవలు, ఇంట్లో నానా జాతి జనం. ఇంత మంది అలవాటుపడ్డ ఇంటిని కొంటే ఖాళీ చేయించడం నా వల్ల కాదని పారిపోతాడు. ఇదీ ఆయన గోల. "వదినా, నెత్తిన పాలు పోసినట్టు ఒక్కడు దొరికాడు. వాణ్ణి పోగొట్టకు" అన్నాడు.

అత్తయ్య వరసగా పేర్చిన పళ్ళేల వైపు చూసింది. చివరికి, ఈ పూట నుంచి దీపం వద్దులే అంది. కల్ఫా లేచి తన గదిలోకి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నమామయ్య వెళ్తూ వెళ్తూ నన్ను గుమ్మం దగ్గర ఆపాడు. తెలివిగలదానివి, అత్తయ్య మళ్ళీ మనసు మార్చుకోకుండా చూసే బాధ్యత నీదే, నీ ఫ్లాటులో స్నానాలగది గోడలకి ఆకుపచ్చ పలకలు వేశారు, నిన్ననే చూసొచ్చాను అన్నాడు.

ఆకుపచ్చ పలకలంటే నాకు చాలా ఇష్టం.

సాయంత్రం వంటింట్లో నలుగురికి మాత్రమే వండాను. మా ఆయన ఇంకా రాలేదు. ఆలివ్‌లు సర్దుతూ కిటికీలోంచి చూస్తే, నీళ్ళమీద పడవలు అక్కడక్కడా ఆగి ఉన్నాయి. తెడ్లు పైకెత్తి పెట్టుకుని మా రేవువైపు చూస్తున్నారు. ఎవరూ పిలవడం లేదు, దగ్గరికి రావడం లేదు. హాలులో అత్తయ్య కిటికీకి వీపు తిప్పి కూర్చుంది. సూర్యుడు కోట వెనక్కి దిగిపోతున్నాడు. నేను చేతులు తుడుచుకుని, అగ్గిపెట్టె తీసుకుని, మెట్లు దిగి దీపం వెలిగించాను. పైకొచ్చి సూపులో నీళ్ళు పోశాను.

అత్తయ్య వంటింటి గుమ్మం దాకా వచ్చి నన్ను చూసింది. "ఉప్పు కూడా వెయ్యి" అని వెళ్ళిపోయింది.

ఆ పూట వచ్చిన పడవల్లో ఒకటి అద్దె పడవ. అందులోంచి యాభై దాటిన భారీ మనిషి ఒకాయన బలవంతాన దిగాడు. తర్వాత ఆ పడవవాడు చెప్పాడు మాకు. ఈ ఇంటి ముందు అటూ ఇటూ తిప్పమన్నాడట ఆయన, అంతలో ఫిరంగి పేలిందట. ఇంకొంచెం ముందుకి పోనిమ్మన్నాడట. పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు తాగలేదు, అక్కడ దీపం వెలుగుతోంది, ఇంకెక్కడికి పోనిస్తానండీ అని పడవవాడు నేరుగా మా రేవుకి కొట్టేశాడు.

వచ్చినాయన సూపు వంక చూడకుండా పైకప్పు వంక చూశాడు. నడుస్తూ నడుస్తూ స్తంభాన్ని వేలితో కొట్టి విన్నాడు. గోళ్ళ సందుల్లో నలుపు. ఎవరో ఏమిటో అడక్కుండానే హాలంతటికీ తెలిసిపోయింది. అడగకూడదు గనక ఎవరూ అడగలేదు, చెప్పడానికి ఆయనకీ నోరు రాలేదు. స్తెలియోకి మాత్రం నాలుక దురద. ఈ ఇంట్లో ఎలుకలకి కూడా ఈత వచ్చు, రాని ఎలుకలు ఎప్పుడో పోయాయి అని గాల్లోకి అన్నాడు. అత్తయ్య ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకున్నాడు.

"అతిథిని భయపెట్టకూడదు" అంది. తర్వాత ఆ కొత్తాయన వైపు తిరిగి, తక్కిన కథలు చెప్పినంత మామూలుగా చెప్పింది. "భయపడాల్సినవి నేనే చెబుతాను. ముందువైపు గుంజలు సగానికి పైగా పుచ్చిపోయాయి. గాలివాన వస్తే తూర్పు గదిలో గొడుగు వేసుకోవాలి. ఇది మీరు నడిచే నేల కాబట్టి మీకు తెలియాలి. గుడ్లు వేసుకోండి."

ఆయన చెంచా గాల్లో ఆగిపోయింది. వెళ్ళేటప్పుడు అత్తయ్య పెట్టెలో చెయ్యి పెడితే చేతికి పాషాగారి అంబరు తస్బీహు, ఆయన జపమాల, వచ్చింది. దాని పూసలు తేనె రంగులో ఉంటాయి. కల్ఫా నోరు తెరిచింది. అత్తయ్య మార్చలేదు. నేను దీనికి తగినవాణ్ణి కాదని ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తగడం తగకపోవడం చూసే పద్ధతి ఈ ఇంట్లో లేదని ఆవిడ ఆయన అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

మర్నాడు ఫిరంగి వేళకి ఆయన మళ్ళీ రేవులో దిగాడు. చేతిలో బుట్టెడు చెర్రీపండ్లు. నీళ్ళ వడి ఎక్కువగా ఉంది, పడవ ఇటు కొట్టుకొచ్చింది అన్నాడు. మూడో రోజు కూడా వడే కొట్టుకొచ్చింది. ఆ వారమంతా అంతే. అంత నిలకడైన వడిని నేనెప్పుడూ చూడలేదని ఇద్రిస్ కప్తాన్ గంభీరంగా అన్నాడు. మెల్లగా ఆయన పైకప్పు వైపు చూడటం మానేశాడు. చొక్కా చేతులు మడిచి పిలాఫ్ అన్నం వడ్డించడం మొదలుపెట్టాడు. స్తెలియో పక్కనే ఆయన చోటు. ఒక రోజు పియానో కథ మళ్ళీ చెప్పించుకుని, సముద్రంలో పడిన పియానో ఏం పాట వాయించి ఉంటుందోనని చాలాసేపు వాదించారు ఇద్దరూ.

నెలలో అన్నిటికంటే పవిత్రమైన రాత్రి వచ్చింది. ఆ సాయంత్రం చిన్నమామయ్య ఇంట్లో సగం వాటాదారుగా ఇఫ్తార్‌కి వచ్చాడు. దీపం ఇంకా వెలుగుతోందని చూసి రుసరుసలాడుతూ హాలులోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. ఆయన కొనుగోలుదారు బెద్రి బే ఇద్దరు చేపలవాళ్ళ మధ్య, నడుముకి నా ఆప్రాన్ కట్టుకుని, చేప ముల్లు తీస్తున్నాడు. చిన్నమామయ్య నోరు తెరవబోయాడు. ఈ ఇంట్లో అతిథి పేరు పలకరాదని కల్ఫా గట్టిగా అంది. పాపం, చిన్నమామయ్య కక్కలేక మింగలేక ఆ పూటంతా సొంత బేరగాడికి పరాయివాడిలా ఉప్పు అందించాడు. నేను నవ్వు ఆపుకోలేక రెండుసార్లు వంటింట్లోకి పరిగెత్తాను.

కానీ ఆ రాత్రి పడుకున్నాక నవ్వు పోయింది. సంతకం చేస్తానని అత్తయ్య మాట ఇచ్చింది. ఆవిడ మాట తప్పే మనిషి కాదు. బెద్రి బే కూడా ఒక్కసారైనా కొననని అనలేదు. షిష్లీ ఫ్లాటు ఇంకో మూడు రోజుల దూరంలో ఉంది. ఆ ఆకుపచ్చ పలకల గోడ గురించి ఎంత ఆలోచించినా, దాని మధ్యలో అత్తయ్యని నిలబెట్టి చూడలేకపోయాను.

పండగ పొద్దున బెద్రి బే రేవు నుంచి కాకుండా వీధి గుమ్మం నుంచి వచ్చాడు. ఇస్త్రీ సూటు, చేతిలో మిఠాయి పెట్టె. అత్తయ్య చేతిని ముద్దుపెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. హాలులో బల్లమీద చిన్నమామయ్య కాగితాలు వరసగా సర్ది, కలం నిండా సిరా పోసి సిద్ధంగా ఉంచాడు. మా ఆయన గోళ్ళు కొరుక్కుంటున్నాడు. కల్ఫా తన పాతకాలపు వెల్వెట్ గౌను వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. నేను కాఫీలూ బక్లావా మిఠాయి పళ్ళెమూ తెచ్చి పెట్టాను.

అత్తయ్య ముందు సంతకం చేస్తానంది. కలం చేతిలోకి తీసుకుంది. అప్పుడు బెద్రి బే, ఒక్క నిమిషం, నాకో సందేహం ఉంది అన్నాడు. అడగమంది ఆవిడ.

"ఈ ఇల్లు నేను కొనేస్తే, వచ్చే రంజాన్‌కి నేను ఇఫ్తార్‌కి ఎక్కడికి వెళ్ళాలి?"

చిన్నమామయ్య దాన్ని నిజంగా సందేహమే అనుకున్నాడు. కరకోయ్ రేవు దగ్గర మంచి హోటళ్ళున్నాయని చెప్పబోయాడు. బెద్రి బే తల అడ్డంగా ఊపాడు. భార్య పోయినప్పట్నుంచీ హోటల్లోనే తింటున్నాడట, ఎన్నేళ్ళైందో లెక్క కూడా పెట్టుకోలేదట.

"అక్కడ అన్నీ ఉంటాయి షెఫీక్ గారూ. ఇంకొంచెం వేసుకోమని అనేవాళ్ళే ఉండరు."

"మరి ఇల్లు కూలితే?" అన్నాడు చిన్నమామయ్య. కోపంగా కాదు, దిక్కుతోచక.

"బొగ్గు గనుల్లో పైకప్పు నిలబెట్టే ఓక్ దుంగలున్నాయి నా దగ్గర. కొండనే మోస్తాయి, ఒక ఇంటిని మోయవా? పడవలో పంపిస్తాను. దింపడానికి మనుషుల్ని ఇద్రిస్ చూస్తానన్నాడు." తర్వాత తలొంచుకుని, ఇవన్నీ అడగకుండానే మాట్లాడేసుకున్నాం, తప్పైతే క్షమించండి హానుమ్ గారూ అన్నాడు.

నా ఫ్లాటు, లిఫ్టుతో సహా, నా కళ్ళముందే బోస్ఫరస్‌లో మునిగిపోయింది. నాకు బాధ కలగాలి. కానీ సంతోషం పట్టలేకపోయాను. మా ఆయన చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే పాపం మూలిగాడు.

అత్తయ్య కలం బల్లమీద పెట్టింది. ఇల్లు పోతుందన్నప్పుడు ఒక్క కన్నీటి చుక్క రాల్చని మనిషి, అందరి ముందూ, తుడుచుకోవాలని కూడా తోచకుండా ఏడుస్తోంది. ఏడుస్తూనే బక్లావా పళ్ళెం ఆయన ముందుకి జరిపింది.

"ఇంకొంచెం వేసుకో నాయనా" అంది.